ముప్పై పడకల వార్డుకు ఎంతమంది సిస్టర్లు కావాలి?

నెల్లూరు పొగతోటలోగానీ ఒంగోలులోగానీ యాభై పడకల ఆసుపత్రి నడిపేవాళ్ళను కదిపితే మొదట వచ్చే మాట "సిస్టర్లు నిలవడం లేదండీ" అని. చేరిన ఆర్నెల్లకే మానేస్తున్నారు, హైదరాబాదో బెంగళూరో పోతున్నారు, కొందరు గల్ఫ్‌కీ జర్మనీకీ పరీక్షలు రాసుకుంటున్నారు, ఇంకొందరు నర్సింగే వద్దని ఇంట్లో కూర్చుంటున్నారు. ఇప్పటి పిల్లలకు ఓపిక లేదని ఒక్క ముక్కలో కారణం కూడా తేల్చేస్తారు. ఓపిక కాదు కారణం. ఆ ఆసుపత్రి డ్యూటీ చార్టు తెప్పించి, గంటలు కూడి, సెలవులు తీసేసి చూడండి. ఉన్న మనుషులతో ఆ చార్టు నడవదు. అయినా నడుస్తోందంటే ఎవరి నిద్రలోంచో, ఎవరి వీక్ ఆఫ్‌లోంచో తీసి నడుపుతున్నారన్నమాట. ఈ పోస్టు ఆ లెక్క గురించే. ఇన్‌చార్జి సిస్టర్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు, చిన్న ఆసుపత్రుల యజమానులు పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదివితే మంచిది.

ముందు నిష్పత్తి సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో మూడు పడకలకు ఒక స్టాఫ్ నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదు పడకలకు ఒకరు ఉండాలి. సెలవుల కోసం ఆ పైన 30 శాతం అదనం. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఇది మొత్తం పోస్టుల (ఉద్యోగాల) లెక్క, ఒక షిఫ్టు లెక్క కాదు. మూడు పడకలకు ఒకరు అన్నదాన్ని మూడు షిఫ్టులకు పంచితే ఒక్కో షిఫ్టులో తొమ్మిది మంది పేషెంట్లకు ఒక సిస్టరు. ఐదుకు ఒకరు అన్నది పదిహేను మందికి ఒకరవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్న నిష్పత్తి వేరే రకం. అక్కడ మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు అంటే ఏ గంటలో చూసినా ఐదుగురికి ఒకరే. అందుకని ఎవరు నిష్పత్తి చెప్పినా "ఇది పోస్టుల లెక్కా, షిఫ్టు లెక్కా?" అని అడగాలి. ఇది అడగకపోవడం వల్ల "మాకు నిబంధనల ప్రకారమే స్టాఫ్ ఉన్నారు" అన్న మాటా, "రాత్రి ఇరవై మందికి ఒక్కదాన్నే" అన్న మాటా ఒకే ఆసుపత్రిలో వినిపిస్తుంటాయి.

పడకల నిష్పత్తితో ఇంకో చిక్కు ఉంది. పడకలన్నీ ఒకటి కావు. హెర్నియా ఆపరేషనయ్యి రేపు ఇంటికెళ్ళే మనిషిదీ ఒక పడకే, పక్షవాతంతో మూత్రం గొట్టం, ముక్కు గొట్టం రెండూ ఉన్న పెద్దాయనదీ ఒక పడకే. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఆ రోజుల్లో జ్వరాల వార్డు నిండిపోతుంది. డెంగీ పేషెంటు జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదంలోకి జారతాడు. గంట గంటకీ బీపీ, నాడి, మూత్రం ఎంతొచ్చిందీ చూడాల్సిన సమయం అదే. అలాంటివాళ్ళు ఆరుగురుంటే ఒక సిస్టరుకు వేరే పనేమీ చెప్పకూడదు.

గంటల లెక్క

ఇక ముప్పై పడకల వార్డు తీసుకుందాం. షిఫ్టులు ఇక్కడ ఎక్కువ చోట్ల ఉన్నట్టే, పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మళ్ళీ పొద్దున ఎనిమిది. ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు పెట్టొచ్చు కదా అంటారు. అప్పుడు రాత్రి పది గంటలకు డ్యూటీ దిగే అమ్మాయి బుచ్చిరెడ్డిపాళేనికో పొదలకూరుకో ఎట్లా పోవాలి? ఆసుపత్రి వాహనం పెట్టనంత వరకూ 6-6-12 పద్ధతే నడుస్తుంది. కాబట్టి దానిమీదే లెక్క కడదాం.

పొద్దున డాక్టర్ల రౌండ్లు, డ్రెస్సింగులు, డిశ్చార్జీలు, ఆపరేషన్‌కు పంపడాలు ఉంటాయి గనక ఐదుగురు కావాలి. మధ్యాహ్నం నలుగురు, రాత్రి నలుగురు. అంటే సిస్టరుకు పగలు ఆరుగురు, మిగతా వేళల్లో ఏడెనిమిది మంది పేషెంట్లు. ఐదుగురు ఆరు గంటలు 30, నలుగురు ఆరు గంటలు 24, నలుగురు పన్నెండు గంటలు 48. మొత్తం రోజుకు 102 గంటలు, ఏడాదికి 37,230 గంటల పని.

ఇప్పుడు ఒక మనిషి ఏడాదిలో ఎన్ని గంటలు ఇవ్వగలదో చూడాలి. 365 రోజుల్లో వీక్ ఆఫ్‌లు 52 తీసేయండి. పండగ సెలవులు 10, క్యాజువల్ లీవులు 12, ఎర్న్‌డ్ లీవులు 15, జ్వరానికో పిల్లల జబ్బుకో ఒక 8 తీసేయండి. 268 రోజులు మిగిలాయి. రోజుకు సగటున ఎనిమిది గంటల చొప్పున 2,144 గంటలు. 37,230ని 2,144తో భాగిస్తే 17.4 వస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే చార్టు మళ్ళీ తప్పుతుంది, హ్యాండోవర్‌ను ఎవరూ లెక్కలో వేయరు గనక. ఎనిమిదికి డ్యూటీ అయిపోయిన సిస్టరు ఎనిమిదిన్నరకు గానీ కదలదు. పడక పడకకూ తిరిగి చెప్పాలి, డ్రగ్ ట్రాలీ లెక్క అప్పజెప్పాలి. రోజుకు పదమూడు మంది అరగంట చొప్పున ఆరున్నర గంటలు, ఏడాదికి 2,370 గంటల పైమాటే. ఒక పూర్తి మనిషి పనికంటే ఎక్కువ ఇది, జీతం లేకుండా జరుగుతోంది! దీన్ని కలిపితే 18.5. తర్వాత ప్రసూతి సెలవు. 2017 సవరణతో అది 26 వారాలు. వార్డులో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది పాతిక ముప్పై ఏళ్ళ అమ్మాయిలు. ఏడాదికి ఇద్దరు ప్రసూతి సెలవు మీద వెళ్తే ఒక పోస్టు ఖాళీ అయినట్టే. అది కూడా వేస్తే 19.5. ఇరవై మంది స్టాఫ్ నర్సులు, పేషెంట్లను పంచకుండా వార్డు చూసుకునే ఇన్‌చార్జి ఒకరు, వెరసి ఇరవై ఒకరు.

ముప్పై పడకలకు పదకొండు మందితో నడిపేవాళ్ళు ఈ లెక్క చూసి ఉలిక్కిపడొచ్చు. సరే, అదే 37,230 గంటల్ని పదకొండు మందికి పంచండి. మనిషికి ఏడాదికి 3,384 గంటలు, పనిచేసే 268 రోజుల్లో రోజుకు 12 గంటల 38 నిమిషాలు. పన్నెండు గంటల డ్యూటీ ఎక్కణ్ణించి పుట్టిందో చూశారా? ఎవరో కూర్చుని ఇది మంచి పద్ధతని ఆలోచించి పెట్టింది కాదు, మనుషులు సగమే ఉన్నప్పుడు లెక్క దానంతట అదే అక్కడికొచ్చి ఆగుతుంది. వారానికి ఆరు రోజులు అట్లా చేస్తే 72 గంటలు దాటుతుంది. మామూలుగా పనివారానికి పరిమితి అనుకునే 48 గంటలకు ఇది ఒకటిన్నర రెట్లు.

రాత్రి పదిహేను మందికి ఒక్కరుంటే

లెక్కలు నమ్మనివాళ్ళ కోసం నైట్ డ్యూటీ పనిని నిమిషాల్లో రాద్దాం. పదిహేను మంది పేషెంట్లు, ఒక సిస్టరు, పన్నెండు గంటలు. అంటే చేతిలో 720 నిమిషాలు.

బీపీ, నాడి, జ్వరం, ఆక్సిజన్, ఊపిరి లెక్కబెట్టి రాయడానికి మనిషికి ఐదు నిమిషాలు పడుతుంది. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ రెండుసార్లు కలిపి 150. నరానికి ఇచ్చే యాంటీబయాటిక్స్ పదిమందికి ఉన్నాయనుకుందాం. పొడి మందు కలిపి, క్యాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) పనిచేస్తుందో లేదో ఫ్లష్ చేసి చూసి, మెల్లగా ఎక్కించడానికి ఆరు నిమిషాల చొప్పున రెండు దఫాలకు 120. సెలైన్లు మార్చడం 60. షుగర్ పరీక్షలు ఐదుగురికి రెండుసార్లు, 30. కదల్లేని ఇద్దరిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆరుసార్లు, పది నిమిషాల చొప్పున 120, అదీ ఆయమ్మ రెండో చెయ్యి వేస్తేనే. పొద్దున రక్తం శాంపిళ్ళు ఎనిమిది, 40. మూత్రం సంచులు, డ్రెయిన్లు ఖాళీ చేసి ఎంత పోయింది, ఎంత వచ్చింది కూడటం 30. రాత్రి రెండు కొత్త అడ్మిషన్లు, ఒక్కోటి ముప్పావు గంట చొప్పున 90. ఒక్క బ్లడ్ బాటిల్ ఎక్కించడానికి 60, ఎందుకంటే మొదటి పదిహేను నిమిషాలు పడక దగ్గర్నుంచి కదలకూడదు. కేస్ షీట్లు రాయడం 60, హ్యాండోవర్ 30. కూడితే 790 నిమిషాలు.

ఇందులో అన్నం లేదు, బాత్రూం లేదు. ఫోన్లు లేవు, ఫార్మసీకి ఇండెంట్ పెట్టడం లేదు. మూడో నంబరు తాలూకు వాళ్ళు వచ్చి "ఏం సిస్టరమ్మా, అరగంట నుంచీ పిలస్తా ఉండాం, పలకవేంది?" అని నిలదీస్తే వాళ్ళకు సర్దిచెప్పడం లేదు. ఎవరికైనా ఊపిరాడక డ్యూటీ డాక్టరు కోసం పరుగెత్తడం అసలే లేదు.

పన్నెండు గంటల సగటు కంటే పొద్దున వేళ కుప్పబడే పని ఇంకా ఘోరం. బీపీలు 75, యాంటీబయాటిక్స్ 60, షుగర్లు 15, శాంపిళ్ళు 40, సంచులు 30. మొత్తం 220 నిమిషాల పని ఆరుకూ ఎనిమిదికీ మధ్యన చేయాలంటారు. ఉన్నవి 120 నిమిషాలు. అందుకే సిస్టరు నాలుగూ ఇరవైకి మొదలుపెడుతుంది. తెల్లవారకముందే లేపి సూది గుచ్చారని పేషెంట్లు విసుక్కునేది దీనివల్లే. డాక్టరు రౌండుకు రిపోర్టులు ఉండాలంటే ఆ ఒక్క మనిషి అప్పుడే మొదలుపెట్టక తప్పదు.

పని సమయాన్ని మించిపోతే ఏదో ఒకటి వదిలేయాలి. ఏది వదులుతారన్నది కూడా ఎక్కడైనా దాదాపు ఒకే వరుసలో ఉంటుంది. డాక్టరు అడిగేవి, బిల్లులో పడేవి, ఇంజెక్షన్లు, శాంపిళ్ళు వదలరు. ఎవరూ అడగనివి ముందు పోతాయి. మొదట పక్కకు తిప్పడం పోతుంది, వారం తిరిగేసరికి నడుం కింద పుండు పడుతుంది. తర్వాత నోరు శుభ్రం చేయడం, పేషెంటుతో రెండు మాటలు మాట్లాడటం. ఆ తర్వాత ప్రమాదకరమైనది మొదలవుతుంది. ఆరుగంటల బీపీ చూడకుండానే రాత్రి పదిగంటల అంకెను కాస్త అటూ ఇటూ మార్చి రాసేస్తారు. వార్డులో వరసగా 120/80, 120/80 కనిపించే చార్టు ఉంటే ఆ సిస్టరును తిట్టే ముందు ఆ రాత్రి ఆమెకు ఎంతమంది పేషెంట్లున్నారో చూడండి.

దీనికి పరిశోధన కూడా ఉంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగితే, ఆపరేషనయిన పేషెంట్లు ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది, నర్సు బర్నవుట్ అయ్యే, అంటే పని భారంతో లోపల పూర్తిగా అలసిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. సిస్టరు అలసటా, పేషెంటు ప్రాణమూ వేరు వేరు సమస్యలు కావు.

ఎక్కడ తప్పు జరుగుతుంది

అలసిన చేతిలో ఏ మందు ప్రమాదమో తెలిసి ఉంటే కొంతైనా కాపాడుకోవచ్చు. ఇన్సులిన్ తీసుకోండి. మన దగ్గర వయల్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులో వేసే కాట్రిడ్జి 100 యూనిట్లది. సిరంజీలు కూడా రెండు రకాలే, ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ రంగు మూత ఉన్నది 100కి. రాత్రి రెండింటికి పెన్ నీడిల్ దొరకలేదని కాట్రిడ్జిలోంచే ఎర్ర మూత సిరంజీతో పది గీత దాకా లాగితే, లోపలికి పోయేది పది యూనిట్లు కాదు, ఇరవై ఐదు. తెల్లవారుజామున పేషెంటు చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు. పెన్ నీడిల్స్ డబ్బా ఒకటి ఎప్పుడూ వార్డులోనే ఉంచడం, కాట్రిడ్జిలోంచి సిరంజీతో ఎవరూ లాగకూడదని రాసి అంటించడం డబ్బు ఖర్చు లేని పని.

పొటాషియం క్లోరైడ్ ఇంకా ఘోరం. పది ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది, ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియకుండా జరిగేది ఇంకొకటి ఉంది. స్టాండుకు వేలాడుతూ నడుస్తున్న సెలైన్ బాటిల్లోనే మందు వేసేసి కలపకుండా వదిలేస్తారు. ఆ మందు కిందికి దిగి గడ్డగా ఒకేసారి నరంలోకి పోతుంది. డ్రిప్ ఆపి, బాటిల్ దించి, మందు వేసి, నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలిపి, లేబుల్ రాసి అప్పుడు తగిలించాలి. మామూలు క్యాన్యులాలో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటనివ్వకూడదు. ఈ ఆంప్యూళ్ళను డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్ళ పక్కన పెట్టొద్దు, వేరే డబ్బాలో తాళం వేసి ఉంచాలి. ఇచ్చే ముందు రెండో సిస్టరు చూసి సంతకం చేయాలి. వార్డులో రాత్రికి ఒక్కరే ఉంటే ఆ రెండో సంతకం ఎవరు పెడతారు? రాత్రికి ఒక్క మనిషి చాలనేవాళ్ళను ఇది అడగాలి.

సూది గుచ్చుకోవడం కూడా ఎక్కువగా డ్యూటీ ఆఖర్లోనే జరిగే అవకాశం ఉంది, వాడిన సూదికి మూత పెట్టే తొందరలో. గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. సబ్బూ, పారే నీళ్ళూ చాలు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పి, పేషెంటు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రిపోర్టులు చూడాలి. హెచ్ఐవీ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, 28 రోజులు మానకుండా వాడాలి. హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. సిబ్బందికి ఈ టీకా, ధనుర్వాతం టీకా వేయించే బాధ్యత 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం ఆసుపత్రిదే. చేరిన రోజే అడగండి. చిన్న ఆసుపత్రుల్లో చాలామంది సిస్టర్లు ఒక డోసు వేయించుకుని మిగతావి మర్చిపోతారు. మూడో డోసయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయిస్తే 10 దాటి ఉండాలి.

చార్టు గీసేటప్పుడు

కొత్త మనుషులు రేపే దొరకరు. ఉన్నవాళ్ళతోనే చార్టును కాస్త మనుషులు బతికేలా గీయొచ్చు. అన్నిటికంటే పెద్ద అన్యాయం నైట్ ఆఫ్ విషయంలో జరుగుతుంది. శనివారం రాత్రి ఎక్కి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు దిగిన సిస్టరుకు "ఆదివారం ఆఫ్" అని రాస్తారు, సోమవారం పొద్దున ఎనిమిదికి మళ్ళీ డ్యూటీ. ఆదివారం పగలంతా నిద్రకే పోతుంది, అది సెలవు కాదు. దిగిన రోజును నిద్ర రోజుగా వదిలేసి, తర్వాత పూర్తి రోజును ఆఫ్‌గా ఇవ్వాలి. ఈ ఒక్కటి సరిచేస్తే వార్డులో మూడ్ మారుతుంది, నాకు ఇందులో అనుమానం లేదు.

నైట్లు వరుసగా మూడు, మహా అయితే నాలుగు. పదిహేను రోజులు నైట్, పదిహేను రోజులు డే అనే పాత పద్ధతిలో శరీరం ఎటూ అలవాటు పడదు, రక్తపోటు, నెలసరి, జీర్ణం అన్నీ తారుమారవుతాయి. షిఫ్టులు మారేటప్పుడు పొద్దున నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి మారాలి, వెనక్కి మారకూడదు. రెండు డ్యూటీల మధ్య కనీసం పదకొండు గంటలు ఖాళీ ఉండాలి. చార్టు నెల ముందుగా గోడకు పెట్టండి. సాయంత్రం వాట్సాప్‌లో "రేపు నైట్‌కి రా" అన్న మెసేజీ డ్యూటీ కంటే ఎక్కువ అలసట తెస్తుంది, ఎందుకంటే ఆఫ్ రోజున కూడా మనసు ఫోన్ మీదే ఉంటుంది.

రాత్రి రెండుకూ నాలుగుకూ మధ్య ఇరవై నిమిషాల కునుకు వంతులవారీగా ఇవ్వండి, పక్క సిస్టరుకు పేషెంట్లను అప్పజెప్పి మరీ. దొంగతనంగా కుర్చీలో తూగడం కంటే ఇది ఎంతో నయం. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03 శాతం. నైట్ దిగి స్కూటీ మీద హైవే ఎక్కి కోవూరు వైపో సింగరాయకొండ వైపో పోయే అమ్మాయి ఆ స్థితిలోనే పోతోంది. మరీ తూగు వస్తుంటే ఆసుపత్రిలోనే గంట పడుకుని వెళ్ళేందుకు ఒక గది, ఒక మంచం ఉండాలి.

ఒక వారం పాటు సిస్టర్లు నర్సింగ్ కాని పనులు రాసి చూడండి. మిగిలిన మందులు ఫార్మసీకి తిప్పి ఇవ్వడం, బిల్లింగ్ కౌంటరుతో వాదన, ప్రభుత్వ ఆరోగ్య పథకం కాగితాలు, ఫొటోలు, వీల్‌చైర్ వెతుకులాట, లిఫ్టు దగ్గర ఎదురుచూపు. ఇవి షిఫ్టులో గంటన్నర తింటుంటే, ఒక్కో షిఫ్టుకు ఒక వార్డు అసిస్టెంటును వేయడం మరో నర్సును వేయడం కంటే తక్కువ ఖర్చుతో అయిపోతుంది. పొద్దున శాంపిళ్ళకు ల్యాబ్ టెక్నీషియన్‌ను ఆరుకే రప్పిస్తే సిస్టరుకు నలభై నిమిషాలు మిగులుతాయి. అత్యవసరం కాని యాంటీబయాటిక్స్‌ను కొందరికి ఆరుకూ, కొందరికి ఎనిమిదికీ పంచమని డాక్టర్లను అడగొచ్చు. చాలామంది ఒప్పుకుంటారు, ఇంతవరకూ అడిగినవాళ్ళు లేక అట్లా నడుస్తోంది.

సెలవుల ప్లాను జూన్‌లోనే వేయాలి. ఎర్న్‌డ్ లీవులు ఆగస్టు లోపు వాడుకోమని చెప్పి, జ్వరాల కాలానికి అందరూ ఉండేలా చూసుకోవాలి. నెల్లూరులో మొహర్రంకు జరిగే రొట్టెల పండగ రోజులు వేరే. ఆ జనానికి మెడికల్ క్యాంపులు పెడతారు, క్యాంపుకు పోయే సిస్టర్లు వార్డు చార్టులోంచే పోతారు. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ఏడాది తేదీ ముందే చూసుకుని చార్టు గీయండి.

బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాక పనిచోట పుట్టే పరిస్థితిగానే వర్గీకరించింది. ఒంట్లో ఏ శక్తీ మిగలకపోవడం, పని మీదా మనుషుల మీదా విరక్తి, ఏం చేసినా లాభం లేదనిపించడం. రెండోదాన్ని వార్డులో తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. నిన్నటిదాకా "పెద్దాయనకు నొప్పి తగ్గిందా?" అని అడిగిన సిస్టరు ఇవాళ "ఏడో నంబరు మళ్ళీ గోల చేస్తోంది" అంటుంది. ఆమె మంచితనం ఎక్కడికీ పోలేదు, మోయలేక మనసు తలుపు వేసుకుంది. మే 12న నర్సుల దినోత్సవానికి కేకు కోసినా, యోగా క్లాసు పెట్టినా ఆ తలుపు తెరుచుకోదు, వరసగా నాలుగు ఆఫ్‌లు సక్రమంగా వస్తే తెరుచుకోవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, చచ్చిపోవాలనిపించడం దాకా వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జీతం సంగతి కూడా సూటిగా చెప్పుకుందాం. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశంతో కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 ఉంటే పాతిక శాతానికి మించి తగ్గకుండా, యాభైలోపు పడకలున్నా నెలకు రూ.20,000కు తగ్గకుండా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. పని గంటలు, సెలవులు, రవాణా కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది. అది సిఫార్సే, చట్టంలా అడిగి తీసుకోలేం. అయినా ఇంటర్వ్యూలో జీతం మాట్లాడేటప్పుడు ఈ అంకె నోటికి వచ్చి ఉండాలి. నెల జీతం రూ.21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) వర్తిస్తుంది, మీ వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. స్లిప్పులో కోస్తున్నది నిజంగా కడుతున్నారో లేదో మీ ఈఎస్ఐ నంబరుతో మీరే చూసుకోండి. అపాయింట్‌మెంట్ లెటరు తీసుకోండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఎవరి బీరువాలోనూ వదలకండి.

కొట్టడానికి వచ్చినవాళ్ళ విషయంలో మన రాష్ట్రానికి 2008 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. అందులో నర్సులూ వస్తారు. ఫిర్యాదు మాత్రం ఆసుపత్రి తరఫున పోవాలి, ఆ అమ్మాయిని ఒంటరిగా స్టేషన్‌కు పంపొద్దు.

చివరిగా, మనుషులు చాలని ప్రతి షిఫ్టునూ కాగితం మీద పెట్టండి. నోటిమాటగా చెప్పింది పొద్దున్నకే మాసిపోతుంది, పొరపాటు జరిగితే మాత్రం సంతకం సిస్టరుదే ఉంటుంది. వార్డు రిపోర్టు బుక్కులో నాలుగు లైన్లు చాలు, ఎవరినీ నిందించకుండా: "నైట్ డ్యూటీ. పేషెంట్లు 28, అందులో ఆక్సిజన్ మీద 3, కదల్లేనివాళ్ళు 4. సిస్టర్లు 2, ఉండాల్సింది 4. రాత్రి 9:10కి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఫోన్‌లో తెలిపాం, మనిషి దొరకలేదన్నారు. 11, 14 పడకల వాళ్ళను రెండు గంటలకోసారి తిప్పలేకపోయాం, రెండుసార్లే తిప్పాం. ఆరుగంటల బీపీలు ఏడున్నరకు పూర్తయ్యాయి." తేదీ, టైము, ఇద్దరి సంతకాలు. పేషెంట్ల పేర్లు లేకుండా దాని నకలు మీ దగ్గర కూడా ఉంచుకోండి. ఇన్‌చార్జి సిస్టరు నెలాఖరున అలాంటి షిఫ్టులెన్నో కూడి, పైన చెప్పిన గంటల లెక్కతో కలిపి ఒకే పేజీగా యాజమాన్యానికి ఇవ్వాలి. పోస్టులు అడగడానికి పనికొచ్చే కాగితం అదే.